బూడిద బాట నుంచి ప్రపంచ పోటీలకు... జపాన్ మోటార్‌సైకిల్ పందేల తొలి చరిత్ర

జిల్లా కేంద్రం నుంచి మారుమూల పల్లె వరకు ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా హోండా, యమహా, సుజుకి పేర్లు కనబడక మానవు. 1980ల మధ్యలో ఇండ్-సుజుకి, హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100, కవాసాకి బజాజ్ బండ్లు మన ఊళ్లలోకి ప్రవేశించినప్పటి నుంచి ఈ పేర్లు తెలుగు మాటలంత పరిచయమయ్యాయి. పాత ఆర్‌ఎక్స్ 100 శబ్దాన్ని వీధి మలుపులోనే గుర్తుపట్టే యువకులు నేటికీ ఉన్నారు. అయితే ఈ సంస్థలు ఒకప్పుడు సరైన తారురోడ్డయినా లేని దేశంలో, అగ్నిపర్వత బూడిద పరుచుకున్న మట్టి బాటలపై ఒకదానితో ఒకటి తలపడి నిలదొక్కుకున్న సంగతి చాలామందికి తెలియదు. జపాన్‌లో మోటార్‌సైకిల్ పందెం తొలిదశలో కేవలం వినోదం కాదు. ఏ సంస్థ బతకాలో, ఏది మూతపడాలో తేల్చిన పరీక్ష అది.

ఆ దేశంలో మోటార్‌సైకిల్ పందేలు 1910లలోనే మొదలయ్యాయి. అప్పట్లో ప్రత్యేక మైదానాలు లేవు. గుర్రపు పందేల మైదానాల్లోనే విదేశాల నుంచి తెప్పించుకున్న బండ్లను పరుగెత్తించేవారు. బండి కొనగలిగినవారు వేళ్లపై లెక్కించదగినంత మందే కనుక, పందెం కూడా సంపన్నుల సరదాగానే సాగింది. ఆ రోజుల్లో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన పేరు కెంజో తడా. బ్రిటన్, ఐర్లండ్‌ల నడుమ సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న ద్వీపంలో 1907 నుంచి టూరిస్ట్ ట్రోఫీ పేరిట మోటార్‌సైకిల్ పందేలు జరుగుతున్నాయి. పొట్టిగా టీటీ అని పిలుస్తారు. ఊళ్ల మధ్య నుంచి, కొండ మీదుగా వెళ్లే మామూలు రహదారులనే మూసి అక్కడ పందెం నడుపుతారు. 1930లో తడా సైబీరియా మీదుగా రైలులో సుదీర్ఘ ప్రయాణం చేసి ఆ ద్వీపం చేరుకున్నారు. బ్రిటిష్ తయారీ వెలోసెట్ బండిపై 350 సీసీ జూనియర్ విభాగంలో పోటీపడి 15వ స్థానంలో గమ్యం చేరారు. టీటీలో పాల్గొన్న తొలి జపానీయుడు ఆయనే. ఆ తర్వాత 29 ఏళ్లపాటు జపాన్ నుంచి మరెవరూ ఆ పందెంలో పాల్గొనలేదు.

1936లో టోక్యో సమీపంలో తమా నది ఒడ్డున తమగావా స్పీడ్‌వే ప్రారంభమైంది. దేశంలో శాశ్వత పందెం మైదానంగా నిర్మించినది అదే మొదటిది. ఆ ఏడాది జూన్‌లో జరిగిన కార్ల పందెంలో హమమత్సు పట్టణానికి చెందిన ఓ యువ మెకానిక్ స్వయంగా తయారుచేసిన కారుతో దిగి, మరో కారును ఢీకొని తీవ్రంగా గాయపడ్డాడు. అతని పేరు సోయిచిరో హోండా. పక్కన కూర్చున్న తమ్ముడూ గాయపడ్డాడు. మరికొద్ది కాలానికే యుద్ధం ముంచుకొచ్చింది. పెట్రోలు కరవైంది, పందేలు ఆగిపోయాయి.

పందెం రుసుము... పురపాలికకు ఆదాయం

యుద్ధంలో ఓడిన జపాన్‌లో రైళ్లు కిటకిటలాడేవి, బస్సులు చాలేవి కావు. జనానికి సైకిలే దిక్కు. 1946లో సోయిచిరో హోండా సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటర్ల చిన్న ఇంజిన్లను కొని సైకిళ్లకు బిగించి అమ్మారు. అవి చేతిలో చేతిలోనే చెల్లిపోయాయి. ఆయన చూపిన బాటలోనూ, సొంతంగానూ ఎందరో ఈ రంగంలోకి దిగారు. 1950ల తొలినాళ్లకు ఆ దేశంలో మోటార్‌సైకిల్ తయారీదారుల సంఖ్య వంద దాటింది. ఒక్క హమమత్సు పరిసరాల్లోనే పదుల సంఖ్యలో ఉండేవారు. మగ్గాలు చేసినవారు, పియానోలు చేసినవారు, పంపులు చేసినవారు అందరూ బండ్లే చేయసాగారు.

ఈ దశలో పందేలు రెండు దారుల్లో నడిచాయి. ఒకటి జూదం దారి. 1950లో జపాన్ ప్రభుత్వం చిన్న మోటారు వాహనాల పందేలపై చట్టం తెచ్చింది. స్థానిక ప్రభుత్వాలు పందేలు నిర్వహించవచ్చు, ప్రేక్షకులు డబ్బు ఒడ్డవచ్చు, వచ్చిన ఆదాయం ప్రజావసరాలకు వెళుతుంది. అదే ఏడాది అక్టోబరులో ఫునబాషిలో ఇలాంటి తొలి పందెం జరిగింది. కోడిపుంజుల మీద చాటుమాటుగా కాసే పందెం మనకు తెలుసు. అక్కడ బండ్ల మీద బాహాటంగా, చట్టబద్ధంగా కాశారు. అప్పట్లో గుండ్రని మట్టి ట్రాక్‌పై సాగిన ఈ ‘ఆటో రేస్’ నేటికీ కొనసాగుతోంది. మెగురో వంటి సంస్థల ఇంజిన్లకు ఇక్కడే పేరొచ్చింది. అయితే ఒకే వైపు మలుపు తిరుగుతూ పరుగెత్తే ఈ పందెం రోడ్డు మీద బండి నాణ్యతను నిరూపించలేదు.

రెండో దారి తయారీదారులది. 1953 మార్చిలో నగోయా చుట్టుపక్కల రహదారులపై ఓర్పు పందెం జరిగింది. అదే ఏడాది వేసవిలో ఫ్యూజి పర్వతారోహణ పందెం ప్రారంభమైంది. ఫుజినోమియా పట్టణంలోని ఆలయం నుంచి పర్వతం రెండో మజిలీ వరకు సుమారు 24 కిలోమీటర్ల ఎగుడు బాట అది. బండ్లను ఒక్కొక్కటిగా వదిలి కాలాన్ని లెక్కించేవారు. కొనుగోలుదారుడికి ఇంతకన్నా సులభంగా అర్థమయ్యే ప్రకటన ఏముంటుంది? ఏ బండి కొండ ఎక్కగలదో ఆ బండే కొనాలి. మగ్గాల తయారీలో పేరొందిన సుజుకి సంస్థ 60 సీసీ ‘డైమండ్ ఫ్రీ’ తొలి ఏడాదే తన విభాగంలో నెగ్గింది. దాంతో అమ్మకాలు ఎగబాకాయి.

రెండేళ్ల తర్వాత సంచలనం మరింత పెద్దదైంది. పియానోలు, హార్మోనియం తరహా ఆర్గన్లు తయారుచేసే నిప్పాన్ గక్కి సంస్థ 1955 ఆరంభంలో 125 సీసీ బండిని విపణిలోకి తెచ్చింది. జర్మనీకి చెందిన డీకేడబ్ల్యూ బండిని చూసి రూపొందించిన ఈ వాహనం పేరు వైఏ-1. దాని ఎర్రని రంగు, సన్నని ఆకారం చూసి జనం ‘ఎర్ర తూనీగ’ అన్నారు. ఆ ఏడాది జులై 1న యమహా మోటార్ ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. సరిగ్గా పది రోజులు కాకముందే, జులై 10న జరిగిన మూడో ఫ్యూజి పందెంలో 125 సీసీ విభాగంలో తెరువొ ఒకడా నడిపిన ఎర్ర తూనీగ మొదటి స్థానం సాధించింది. వాద్యాలు చేసుకునేవారికి బండ్లెందుకని నవ్విన వ్యాపారులు మర్నాటి నుంచి నవ్వడం మానుకొని ఉంటారు.

అసామా బూడిదలో...

నాగనో, గున్మా ప్రాంతాల సరిహద్దున అసామా అగ్నిపర్వతం ఉంది. దాని పాదాల వద్ద ఉన్న పీఠభూమిపై 1955 నవంబరులో దేశంలోని తయారీదారులందరి మధ్య తొలి ప్రధాన పందెం జరిగింది. ఒక చుట్టు 19 కిలోమీటర్లకు పైమాటే. అంతా ప్రజలు తిరిగే దారే. తారు లేదు. నల్లటి అగ్నిపర్వత బూడిద, పదునైన రాళ్లు ఉన్న దారి అది. బూడిద గాలి వడపోతల్లోకి, గొలుసుల్లోకి, బేరింగుల్లోకి చేరి ఇనుమును ఆకురాయిలా అరగదీస్తుంది. రాళ్లు టైర్లను చీలుస్తాయి. ముందు బండి లేపిన దుమ్ములో వెనుక వాడికి దారి కానరాదు. ఈ పందెం ఉద్దేశం దేశీయ వాహనాల నాణ్యత పెంచడం కనుక దేశంలో తయారైన బండ్లకే ప్రవేశం ఇచ్చారు.

ఇక్కడ హోండాకు ఎదురైంది చేదు అనుభవం. అప్పటికే దేశంలో ఆ సంస్థది ముందు వరుస. అయినా 125 సీసీలో ముందు స్థానాలను యమహా ఎగరేసుకుపోయింది. 250 సీసీలో లైలాక్ గెలిచింది. లైలాక్‌ను తయారుచేసిన మరుషో సంస్థ అధిపతి ఒకప్పుడు సోయిచిరో హోండా మరమ్మతుశాలలోనే పనిచేసినవాడు. ఆ బండి నడిపిన ఫుమియో ఇతో వయసు అప్పటికి 16 ఏళ్లే. హోండాకు 350, 500 సీసీ విభాగాలు దక్కాయి. కానీ జనం కొనేవి చిన్న బండ్లు. కనుక ఓటమి ఓటమే. శిష్యుడి చేతిలో ఓడిన గురువు మనసు ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రజల దారిపై పందేలకు మరుసటి ఏడాది అనుమతి దొరకలేదు. తయారీదారులు కలిసి సొమ్ము వేసుకొని అదే పీఠభూమిపై 9.351 కిలోమీటర్ల పరీక్షా బాట నిర్మించారు. బద్ధశత్రువుల్లా పోటీపడే సంస్థలు ఒక్క బాట కోసం జేబుల్లో చేతులు పెట్టడం గమనార్హం. అదీ మట్టిబాటే. 1957లో రెండో అసామా పందెం అక్కడే జరిగింది. ఈసారీ 125, 250 సీసీలు రెండూ యమహాకే దక్కాయి. హోండా మళ్లీ చిన్న విభాగాల్లో వెనుకబడింది.

అప్పుల నడుమ శపథం

హోండా పరాజయాలను అర్థం చేసుకోవాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1954 ఆరంభంలో బ్రెజిల్‌లోని సావో పాలో నగర 400వ వార్షికోత్సవ పందేలకు జపాన్ నుంచి ఆహ్వానం అందుకొని మికియో ఒమురా 125 సీసీ హోండాపై పోటీపడ్డారు. 13వ స్థానం దక్కింది. ఐరోపా బండ్ల ముందు తమ బండి ఎంత బలహీనమో అక్కడే తెలిసొచ్చింది. ఆ సమయంలోనే విదేశీ యంత్రాల కొనుగోలుకు చేసిన భారీ ఖర్చు, జునో స్కూటర్ అమ్ముడుపోకపోవడం, డ్రీమ్ బండి ఇంజిన్‌లో లోపాలు కలిసి సంస్థను దివాలా అంచుకు నెట్టాయి.

సరిగ్గా అటువంటి తరుణంలో, 1954 మార్చి 20న, ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీలో పాల్గొని గెలుస్తామంటూ సోయిచిరో హోండా ఉద్యోగులకు, వ్యాపారులకు ప్రకటన విడుదల చేశారు. జీతాలు సకాలంలో అందుతాయో లేదోనన్న భయంలో ఉన్న కార్మికులకు ఈ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు కోట కడతానన్నట్టుంది. అయితే అందులో ఒక లెక్క ఉంది. పందెం గెలిచిన బండినే ఐరోపా, అమెరికా మార్కెట్లు నమ్ముతాయి. ఎగుమతి లేకుంటే అప్పు తీరదు.

ఆ జూన్‌లో ఆయన స్వయంగా ద్వీపానికి వెళ్లి పందెం చూశారు. జర్మనీ ఎన్‌ఎస్‌యూ, ఇటలీ బండ్లు ఒకే సామర్థ్యం గల తమ ఇంజిన్ కంటే దాదాపు మూడు రెట్లు శక్తినివ్వడం చూసి నివ్వెరపోయారు. ఇక్కడ సీసీ అంటే ఏమిటో ఒక మాట చెప్పుకోవాలి. సిలిండర్‌లో పిస్టన్ కదిలే ఖాళీ ఎంతో ఆ కొలతే సీసీ. 125 సీసీ అంటే అరపావు లీటరు. అందరికీ అదే ఖాళీ. శక్తి పెరగాలంటే ఇంజిన్ మరింత వేగంగా తిరగాలి, గాలి-పెట్రోలు మిశ్రమం మరింత త్వరగా లోపలికి రావాలి. వేగం పెరిగితే వాల్వులు, గొలుసులు, టైర్లు తట్టుకోవాలి. జపాన్‌లో అటువంటి గొలుసులూ, టైర్లూ అప్పటికి లేవు. అందుకే ఆయన ఐరోపాలో కొన్న రిమ్ములు, టైర్లు, గొలుసులు, కార్బురేటర్లతో స్వదేశానికి తిరిగొచ్చారు. మరుసటి ఏడాదే పాల్గొంటామన్న మాట కొన్నేళ్లు వెనక్కి జరిగింది.

1959 జూన్ 3

హోండా బృందం 1959 వసంతంలో ద్వీపం చేరింది. బృంద నాయకుడు కియోషి కవాషిమా. తర్వాతి కాలంలో సోయిచిరో అనంతరం సంస్థ అధ్యక్షుడైంది ఈయనే. రైడర్లు దాదాపు అందరూ సంస్థలో పనిచేసే ఉద్యోగులు, అసామా దుమ్ములో తర్ఫీదు పొందినవారు. పూర్తిగా తారు వేసిన మలుపుల బాట వారికి కొత్త. మట్టిపై వెనుక చక్రం జారుతూ పోవడమే వారికి అలవాటు. తారుపై జారితే ఎముకలు మిగలవు. 17 కిలోమీటర్ల క్లిప్స్ బాటను నెలరోజులపాటు తిరిగి, మలుపు మలుపునూ గుర్తుపెట్టుకున్నారు. సాధనలోనే శక్తి చాలదని తేలడంతో సిలిండర్‌కు నాలుగు వాల్వులు గల కొత్త ఇంజిన్లను జపాన్ నుంచి తెప్పించారు. నిమిషానికి 13 వేలకు పైగా తిరిగే ఇంజిన్ అది. అప్పటి ఐరోపా నిపుణులకు అది నమ్మశక్యం కాని అంకె.

జూన్ 3న 125 సీసీ పందెం జరిగింది. ఇటలీకి చెందిన టార్క్వినియో ప్రొవిని ఎంవీ అగుస్తాపై గెలిచారు. హోండాపై నవోమీ తనిగుచి ఆరో స్థానం, గిచి సుజుకి ఏడు, తెయ్‌సుకె తనకా ఎనిమిది, జున్జో సుజుకి పదకొండో స్థానాల్లో గమ్యం చేరారు. అమెరికాకు చెందిన అయిదో రైడర్ బిల్ హంట్ మాత్రం పడిపోయారు. గెలుపు రాలేదు గానీ జట్టు బహుమతి హోండాకే దక్కింది. తనిగుచి తెచ్చిన ఒక్క పాయింటు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జపాన్ ఖాతా తెరిచింది. ఐరోపా పత్రికలు బండిని విప్పి చూసి, ఇది ఎవరికీ నకలు కాదని రాశాయి. ఎర్ర తూనీగ వంటి జర్మన్ నకళ్లతో మొదలైన పరిశ్రమకు ఈ మాట ఏ బహుమతికీ తీసిపోదు.

ఆగస్టులో స్వదేశానికి వచ్చిన ఈ వీరులకు అసామాలో మరో పాఠం కాచుకొని ఉంది. అప్పటికి ఔత్సాహికుల కోసం క్లబ్ పందేలు కూడా అక్కడే మొదలయ్యాయి. 18 ఏళ్ల మోటో కితనో అనే యువకుడు ఔత్సాహికుల విభాగంలో గెలిచి, కర్మాగారాల పందెంలో పాల్గొనే అవకాశం పొందాడు. దుకాణంలో దొరికే హోండా బెన్లీ సీబీ92 నడుపుతూ, టీటీ నుంచి తిరిగొచ్చిన అదే సంస్థ పందెపు బండ్లను వెనక్కి నెట్టి మొదటి స్థానం సాధించాడు. కర్మాగారం నుంచి వచ్చిన యంత్రాన్ని సంతలో కొన్న బండి ఓడించిందన్నమాట. హోండా అతడిని వెంటనే తన బృందంలో చేర్చుకుంది. మరుసటి ఏడాది టీటీ 250 సీసీలో కితనో అయిదో స్థానం పొందాడు.

గెలుపు, దాని ఖరీదు

1960లో సుజుకి కూడా ద్వీపానికి వెళ్లింది. సాధనలో మిత్సువో ఇతో పడిపోవడంతో అతని స్థానంలో మరొకరిని దించారు. 125 సీసీలో ఆ సంస్థకు దక్కినవి 15, 16, 18 స్థానాలు. అదే ఏడాది పశ్చిమ జర్మనీలో కెంజిరో తనకా హోండాపై మూడో స్థానం పొంది ప్రపంచ పందేల బహుమతి వేదికనెక్కిన తొలి జపానీయుడయ్యారు. అయితే అదే పోటీల సాధనలో హోండాకు నడుపుతున్న ఆస్ట్రేలియా రైడర్ బాబ్ బ్రౌన్ ప్రాణాలు కోల్పోయారు.

1961 ఏప్రిల్‌లో స్పెయిన్‌లో టామ్ ఫిలిస్ 125 సీసీలో హోండాకు తొలి ప్రపంచ స్థాయి విజయం అందించారు. మే 14న హాకెన్‌హైమ్‌లో 21 ఏళ్ల కునిమిత్సు తకహాషి 250 సీసీ పందెం గెలిచారు. గ్రాండ్ ప్రి గెలిచిన తొలి జపానీయుడు ఆయనే. జూన్‌లో టీటీ వచ్చింది. 125, 250 రెండింటిలోనూ మైక్ హెయిల్‌వుడ్ హోండాపై గెలవగా, రెండు పందేల్లోనూ మొదటి అయిదు స్థానాలూ హోండావే. ప్రకటన చేసిన ఏడేళ్లకు శపథం నెరవేరింది.

మరుసటి ఏడాది అదే ద్వీపంలో ఫిలిస్ మరణించారు. తకహాషి పడిపోయి తీవ్రంగా గాయపడ్డారు. కోలుకున్న తర్వాత కార్ల పందేల్లో దీర్ఘకాలం రాణించి 2022లో కన్నుమూశారు. 1959 నాటి జట్టులోని గిచి సుజుకి 1963లో ఐరోపాలో కార్ల ర్యాలీలో ప్రాణాలు వదిలారు. చిన్న ఇంజిన్ల పెద్ద పేరు వెనుక ఈ లెక్క కూడా ఉంది.

సుజుకి కథ మరో మలుపు తిరిగింది. తూర్పు జర్మనీలోని ఎంజడ్ సంస్థ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961 సెప్టెంబరులో స్వీడన్ పందెం తర్వాత దేశం విడిచి వచ్చేశారు. టూ-స్ట్రోక్ ఇంజిన్ల నుంచి శక్తి రాబట్టే ఎంజడ్ రహస్యాలు ఆయనతో పాటే సుజుకికి చేరాయి. 1962లో ఆయన సుజుకికి 50 సీసీ ప్రపంచ టైటిల్ తెచ్చిపెట్టారు. మరుసటి ఏడాది టీటీ 50 సీసీ పందెంలో మిత్సువో ఇతో గెలిచారు. తొలి ఏడాది సాధనలోనే పడిపోయిన ఇతోయే ఈయన. సోలో పందేల్లో ఆ ద్వీపంలో నెగ్గిన ఏకైక జపాన్ రైడర్ ఆయన. యమహా విషయానికొస్తే, లైలాక్‌పై 16 ఏళ్లకే గెలిచిన ఫుమియో ఇతో 1963లో యమహాపై బెల్జియం గ్రాండ్ ప్రి గెలిచారు.

ఆలోగా స్వదేశంలో పోటీదారులు రాలిపోయారు. ఎగుమతి కోసం పందేల్లో సొమ్ము పోయగలిగినవారే నిలిచారు. మెగురో కవాసాకిలో విలీనమైంది. తొహత్సు 1964లో మోటార్‌సైకిళ్లు ఆపింది. శిష్యుడి లైలాక్ 1967లో మూతపడింది. వందకు పైబడిన పేర్లలో ప్రపంచానికి తెలిసినవి నాలుగే మిగిలాయి.

అసామా బాటపై 1959 తర్వాత కర్మాగారాల పందెం మళ్లీ జరగలేదు. హోండా సొంతంగా తారు బాట నిర్మించేందుకు సుజుకా ప్రాంతాన్ని ఎంచుకుంది. మొదట అనుకున్న స్థలం చదునైన వరి పొలాలు. అన్నం పెట్టే పొలాన్ని పాడుచేయవద్దని సోయిచిరో హోండా అభ్యంతరం చెప్పడంతో పక్కనున్న గుట్టల నేలకు ప్రణాళిక మార్చారు. 1962 నవంబరులో అక్కడ తొలి పందెం జరిగింది. అందులో డెగ్నర్ పడిపోయిన మలుపును నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.